కొట్టుగదిలో ఔద్

నాబెల్,
ఫిబ్రవరి నెలాఖరు

షాద్లియా అక్కా,

నీకూ బావగారికీ సలాములు. ఇక్కడ నేనూ, కొడుకు లమీన్, కోడలు రౌదా, ముగ్గురం కులాసా. నువ్వు కళ్ళెదుట లేవన్నదొక్కటే కొరత.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని తిట్టుకోకు. కుడిచెయ్యి పట్టేసింది. మోచేతి దగ్గర మొదలై ఇటు మణికట్టుకీ అటు భుజానికీ పాకుతోంది. పొద్దున కాఫీ గిన్నె ఎత్తబోతే చెయ్యి వణికి, కాఫీ అంతా లమీన్ చొక్కా మీద ఒలికింది. "ఏమైందమ్మా?" అని వాడు గాభరా పడ్డాడు. "ఏం లేదురా, పరుపుల్లో ఉన్ని తీసి ఉతికాను, అంతే" అన్నాను.

నీకూ అదే రాస్తున్నాను. ఉన్ని ఉతికాను. తడిసిన ఉన్ని ఎంత బరువుంటుందో నీకు చెప్పాలా?

మీ అత్తగారు ఆకులేవో వేసి నూనె కాచేవారు కదా, అది ఎలా కాయాలో రాసి పంపు. ఈ వయసులో నొప్పులు అందరికీ ఉన్నవే, పెద్ద గొడవ చెయ్యకు. మరీ ముఖ్యంగా దూజా పిన్నికి చెప్పకు. ఆవిడకి చెప్పడమూ వీధిలో మైకు పెట్టి చెప్పడమూ ఒకటే.

ఈమధ్య మధ్యాహ్నాలు కాసేపు కొట్టుగదిలో తలుపేసుకుని కూర్చుంటున్నాను. జాడీలు సర్దుకుంటూ, జపమాల తిప్పుకుంటూ. సరిగ్గా అప్పుడే రౌదా రేడియో పెద్దగా పెడుతుంది. పోనీలే, వయసులో ఉన్న పిల్ల, పాటలంటే సరదా.

నీ చెల్లి
మన్నూబియా


బిజర్తా,
మార్చి రెండో వారం

ఒసేయ్ మన్నూబీ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. మీ బావ "ఎవరి మీదే ఆ కోపం?" అంటూ చదువుతున్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అరవై దాటిన మనిషివి. పోయినేడే హజ్ చేసొచ్చి హాజ్జా అనిపించుకున్నావు. మీ ఆయన పోయి ఇన్నాళ్ళయినా, షేక్ గారి భార్య అని వీధిలో నీకు పక్కకి తప్పుకుని దారిస్తారు. అలాంటి నువ్వు తొట్టి పక్కన చతికిలబడి ఉన్ని బాదుతుంటే, పాతికేళ్ళ కోడలు రేడియోలో పాటలు వింటోందా? భేష్! చాలా బాగుంది! మన అత్తగార్లు మనల్ని ఇలాగే కూర్చోబెట్టి మేపారు కాబోలు!

నాకు ఒక్క సంగతి చెప్పు. ఉన్ని ఉతకమన్నదెవరు? ఆ పిల్ల అడ్డుపడిందా, లేదా? నువ్వేమో నోట్లో నాలుక లేనిదానివి. నీ నెత్తిన రాయి పెట్టినా "ఎండ తగలకుండా పెట్టార్లే" అంటావు.

నూనె సంగతి. మంచి ఆలివ్ నూనెలో రోజ్‌మరీ కొమ్మలు వేసి సన్నసెగ మీద ఆకు నల్లబడేదాకా కాచు. వడగట్టి, గోరువెచ్చగా ఉండగానే పట్టించు. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టుకో. నువ్వు కాదు, ఆ మహారాణి చేత పెట్టించుకో.

షాద్లియా


నాబెల్,
ఏప్రిల్ మధ్యలో

అక్కా,

ఊరంతా నారింజ పూల వాసన. ముంగిట్లో దుప్పట్లు పరిచి పూలు పోశాం. ప్రతి ఏడూ పూలనీరు బట్టీ దగ్గర నేనే కూర్చుంటాను కదా, ఈ ఏడు రౌదా కూర్చుంది. సీసాలకి మూతలు బిగించడం కూడా నా వల్ల కాలేదు. నీ వాటా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతాను.

నువ్వు చెప్పిన నూనె కాచింది కూడా రౌదాయే. సాయంత్రాలు తనే రాస్తుంది, తనే కాపడం పెడుతుంది. ఆ పిల్ల వేళ్ళు నా చేతి మీద తిరుగుతుంటే తలెత్తి దాని ముఖం చూడలేకపోతున్నాను. ఎందుకని అడగకు.

నువ్వు అనుకున్నట్టు ఏమీ లేదక్కా. రౌదా అలాంటిది కాదు. ఉన్ని నా అంతట నేనే ఉతుక్కున్నాను. ఇంతకంటే ఏం రాయను?

లమీన్ బలవంతం మీద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఉన్ని ఉతికితే నడుము పోవాలి, రెండు భుజాలూ పోవాలి. మీకు ఒక్క చెయ్యే పోయింది. ఈ ముంజేత్తో మీరు రోజూ దేన్నో గట్టిగా అదిమి పడుతున్నారు. ఏంటది?" అన్నాడు. పక్కనే లమీన్. "జల్లెడ" అన్నాను. అబద్ధం ఎంత చప్పున నోటికొచ్చిందో! "అయితే కొన్నాళ్ళు జల్లెడకి సెలవివ్వండి" అన్నాడు. ఇవ్వలేదు. ఇవ్వబుద్ధి కాలేదు. నొప్పి తగ్గిన రోజున ఇంకాస్త ఎక్కువే పట్టుకున్నాను. మర్నాడు స్పూను కూడా ఎత్తలేకపోయాను.

మంగళవారాలు మదాం సబీహా ఇంటికి వెళ్తున్నాను. గుర్తుందా, ఆడపిల్లల బళ్ళో పాటలు నేర్పేది, పొడుగ్గా, సన్నగా? కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పాను. నువ్వూ అదే అనుకో.

మన్నూబియా


బిజర్తా,
మే చివర

మన్నూబీ,

పూలనీరు అందింది. ఒక సీసా దారిలో పగిలి డ్రైవరు సీటంతా ఘుమఘుమలాడుతోందట. వాడు తిట్టలేదు సరికదా, ప్రయాణికులంతా మెచ్చుకున్నారట.

కుట్టుపని నేర్చుకుంటున్నావా? నా పెళ్ళి దుప్పటికి అంచు కుట్టింది నువ్వు. నీకు కుట్టుపని నేర్పేదెవత్తె? ఇంట్లో ఉండలేక ఏదో వంకన బయట పడుతున్నావని నాకు తెలీదా? నీ ఉత్తరం నిండా భయమే. కోడల్ని వెనకేసుకొస్తూ రాసిన వాక్యాలు చూస్తే ఎవరో పక్కన నిలబడి రాయించినట్టున్నాయి.

దూజా పిన్ని వచ్చింది. చెప్పేశాను. నువ్వు చెప్పొద్దన్నావు, అందుకే నోట్లో దురద పుట్టింది. ఆవిడ మీ ఊరొచ్చి, గురువారం ఆడవాళ్ళతో కిటకిటలాడే స్నానాల హమామ్‌లో మీ వియ్యపురాలు బహీజాని నిలదీసిందట. "నీ కూతురు రాణీలా కూర్చుని హాజ్జా చేత ఉన్ని ఉతికించి చెయ్యి విరగ్గొట్టిందట. ఇదేనా నువ్వు నేర్పిన పెంపకం?" అని. పాపం, నెత్తిన పోసుకోబోయిన నీళ్ళ గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయిందట బహీజా. మంచి పనయింది. పదిమందిలో అంటేగానీ కొందరికి తలకెక్కదు.

లమీన్‌కి విడిగా ఉత్తరం రాశాను. పెళ్ళాన్ని కొన్నాళ్ళు పుట్టింటికి పంపి, పెద్దవాళ్ళతో మసలడం నేర్పించుకు రమ్మన్నాను. జులైలో ఏడాదికి సరిపడా కుస్కుస్ రవ్వ చేసుకునే పనికి నేనే స్వయంగా వస్తాను. ఎవరి చెయ్యి ఎంత ఆడుతోందో నా కళ్ళతో చూస్తాను.

నువ్వు ధైర్యంగా ఉండు. నీకు అక్క ఉంది.

షాద్లియా


నాబెల్,
జూన్

అక్కా,

రౌదా వెళ్ళిపోయింది.

నీ ఉత్తరం లమీన్ భోజనాల దగ్గర పైకి చదివాడు. హమామ్‌లో జరిగింది వాడికి అప్పటిదాకా తెలీదు. నాకు రాసిన ఉత్తరమూ అదే టపాలో వచ్చింది, నాకూ తెలీదు. ఆ గురువారం రౌదా తడి జుట్టుతో ఇంటికొచ్చి, కళ్ళెర్రగా ఉన్నాయేమిటే అంటే సబ్బు పడిందంది. వాడు చదవడం అయ్యాక "పెద్దమ్మ రాసింది నిజమేనా?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. ఒక్కసారే. నేను రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాను. అంతే అక్కా. నోట్లో పెట్టుకోలేదు, తుంచుకుంటూ కూర్చున్నాను.

"పోయి మీ అమ్మ దగ్గరుండు" అన్నాడు వాడు. అది ఒక్క మాటా అనకుండా బట్టలు సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "అత్తయ్యా, నూనె సీసా కిటికీలో పెట్టాను. ఉప్పు మరీ వేయించకండి, చెయ్యి కాలుతుంది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చి కూడా రొట్టె తుంచుతూనే ఉన్నాను.

నేను ఉన్ని ఉతకలేదు. నేను ఔద్ వాయించడం నేర్చుకుంటున్నాను.

ఇదిగో, రాసేశాను. నవ్వుకుంటావో, తిట్టుకుంటావో నీ ఇష్టం.

పోయిన చలికాలం మొదట్లో సబీహా ఇంటికి పూలనీరు పట్టుకెళ్ళాను. ఆవిడ లోపల కాఫీ పెడుతోంది. సోఫా మీద ఔద్ ఉంది, గుండ్రటి పొట్ట దిండులో కూరుకుని. ఎవరూ చూడట్లేదు కదా అని ఒక తీగ మీటాను. ఆ మోత చెవిలోకి కాదక్కా, కడుపులోకి దిగింది. ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో గోడ చాటు నుంచి విన్నదే, ఇంత దగ్గరగా ఒంటికి తగిలేలా ఎప్పుడూ వినలేదు. తలెత్తితే గుమ్మంలో సబీహా! దొంగతనం చేస్తూ దొరికినట్టయింది నా పని. ఆవిడ నవ్వలేదు. కూర్చోమని, పసిబిడ్డని ఇచ్చినట్టు దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

తన దగ్గరున్న పాత ఔద్ ఇచ్చింది. ఇంటికెలా తేను? షేక్ గారి ఇంట్లోకి, హజ్ నుంచి వచ్చి ఏడాది తిరక్కముందే, హాజ్జా ఔద్ చంకన పెట్టుకొస్తే? గోనెసంచిలో పెట్టి, చుట్టూ ఉన్ని కూరి, నెత్తిన పెట్టుకు తెచ్చాను. వీధిలో అడిగినవాళ్ళకి "ఉన్ని, ఉతకాలి" అన్నాను. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను.

కొట్టుగదిలో, జాడీల మధ్య, పీట మీద కూర్చుని వాయించేదాన్ని. చప్పుడు బయటికి పోకూడదని ముంజేతిని దాని ఒంటి మీద వేసి అదిమి పట్టేదాన్ని. తీగ మీటే ఈకని గుప్పిట్లో బిగించి, తీగని తాకీ తాకనట్టు గీరేదాన్ని. సబీహా దగ్గరికి వెళ్ళినా ఇదే అలవాటు. ఈ మంగళవారం ఆవిడ సగంలో ఆపించి, "హాజ్జా, పక్కగదిలో ఎవరైనా పడుకున్నారా?" అంది. లేదన్నాను. "మరి దాని నోరెందుకు నొక్కుతున్నారు?" అంది.

నాకు ఏడుపొచ్చింది. నా చెయ్యి పోయింది వాయించినందుకు కాదు, వినపడకుండా వాయించినందుకు. చిన్నపిల్లలైతే తప్పుడు పట్టు వారంలో దిద్దుకుంటారట. నా వయసులో అది ఎముకకి పట్టేసింది. కొన్నాళ్ళు దాన్ని ముట్టుకోవద్దంది సబీహా. తర్వాత రోజుకి కాస్సేపే, చెయ్యి దాని మీద ఊరికే వాలి ఉండాలట, గోడ మీద పిల్లి పడుకున్నట్టు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆపెయ్యాలట. "ముంగిట్లో కూర్చుని వాయించండి, లేదా మానెయ్యండి. కొట్టుగదిలో మాత్రం ఈ చెయ్యి బాగుపడదు" అని తేల్చేసింది.

ఇంకా ఉంది. రౌదా వెళ్ళిన మర్నాడు కొట్టుగదిలోకి వెళ్ళాను. ముట్టుకోవద్దన్నా చెయ్యి ఊరుకోదు కదా. ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్క తీగ మీటానో లేదో, గోడవతల పక్కింటివాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఆ పిల్ల రేడియో తన సరదాకి పెట్టుకోలేదు. దానికి మొదటినుంచీ తెలుసు. నా గుట్టు కాపాడటానికి రోజూ రేడియో పెట్టి, నలుగురిలో నా వల్ల మాట పడి, నా కొడుకు చేత తిట్లు తిని, నోరు విప్పకుండా పోయింది. నేనేమో నీకు దాని రేడియో గురించి ఫిర్యాదు రాశాను.

అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను మెట్ల మీద జారి పడ్డానని దూజా పిన్నికి రాయవూ? అలా అయితే రౌదా మీద మాట పోతుంది, నా మాటా బయటికి రాదు. ఔద్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. లమీన్‌కి తెలిస్తే ఏ నేలలో దూరను?

మన్నూబియా


బిజర్తా,
జూన్ చివర

మన్నూబీ,

రాయను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి గోనెసంచి దగ్గరికొచ్చేసరికి కడుపు పట్టుకుని నవ్వాను. మీ బావ మంచినీళ్ళు తెచ్చిచ్చారు. రెండోసారి రొట్టె ముక్క దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

మొదట ఉన్ని. తర్వాత జల్లెడ, కుట్టుపని. ఇప్పుడు మెట్లా? నీ అబద్ధాలకి అంతుందా? అందులో ఒకదాన్ని నా నోట్లో పెట్టి ఊరంతా చాటించావు. నేనెంత ఊగిపోయాను! బహీజా నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడిపోయిందని ఎంత సంబరంగా రాశాను! ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. తప్పంతా నీదే అనను. నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పాను. నువ్వు రౌదా మంచిదన్నావు, నేను వినలేదు. కోడలి మీద చెడ్డమాట దొరికితే నమ్మడానికి మనకి ఎంత తొందర!

హజ్ చేసినదానివి ఔద్ పట్టుకోవచ్చా కూడదా, అది నువ్వూ పైవాడూ చూసుకోండి. నాకంత చదువు లేదు. చెయ్యని తప్పుకి ఒక పిల్ల పుట్టింట్లో తల వంచుకు కూర్చుంది. ఇది తప్పని చెప్పడానికి నాకు ఏ షేకూ అక్కర్లేదు.

కుస్కుస్ పనికి ఆడవాళ్ళంతా వస్తారు కదా. అక్కడ చెప్పు. అంతకంటే ముందు నీ కొడుక్కి చెప్పు. నేను మాత్రం రావట్లేదు. బహీజా ఎదురుపడితే నా తల ఎక్కడ పెట్టుకోను?

అది సరేగానీ, ఇన్నాళ్ళు గదిలో దూరి గీరావు కదా, ఏమైనా వచ్చిందా, చెయ్యి నొప్పి తప్ప?

షాద్లియా


నాబెల్,
ఆగస్టు

అక్కా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయకపోవడానికి ఒక కారణం చెయ్యి. ఇంకో కారణం రాయడానికి మంచి మాట లేకపోవడం.

లమీన్‌కి చెప్పాను. నమ్మలేదు. కొట్టుగదికి తీసుకెళ్ళి చూపించాను. జాడీల వెనక దుప్పటి కప్పుకుని ఉన్న ఔద్‌ని చూసి పీట మీద కూలబడ్డాడు. "నాన్న ఉండుంటే?" అన్నాడు. దుప్పటి తీసి మడతపెట్టాను. ఆ తర్వాత "మరి రౌదా నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "నన్ను నీ ముందు చులకన చెయ్యడం ఇష్టం లేక" అన్నాను. వాడి ముఖం మాడిపోయింది.

ఇద్దరం బహీజా ఇంటికెళ్ళాం. గుమ్మంలోనే నిలబెట్టింది. "రా వదినా. ఉన్ని ఆరిందా?" అంది. అంతా చెప్పాను, నిలబడే. ఔద్ అన్న మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. లోపలి నుంచి రౌదా వచ్చింది. చిక్కిపోయింది. లమీన్ ఏదో అనబోతే వాడి వైపు చూడకుండా నాతో అంది: "వస్తాను అత్తయ్యా. కానీ ఇక రేడియో పెట్టను."

కోపంగా అనలేదక్కా. అలసిపోయినట్టు అంది. అది కోపంగా అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కుస్కుస్ పని రోజున ముంగిలి నిండా ఆడవాళ్ళు. పళ్ళేల్లో పిండి, నీళ్ళు చిలకరించడం, అరచేతుల రాపిడి, జల్లెళ్ళ చప్పుడు, ఎప్పటిలాగే. నేను ఒక పక్కన చెయ్యి ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. దూజా పిన్ని అందరికీ వినపడేలా "పాపం హాజ్జా, ఇంకా తగ్గలేదూ! ఎవరి పుణ్యమో మరి!" అని రౌదా వైపు ఓరగా చూసింది. రౌదా వంచిన తల ఎత్తలేదు. పక్కనే బహీజా. కూతురి ఇంటి పని కాబట్టి వచ్చింది, పొద్దుట్నుంచీ నాతో మాట్లాడలేదు.

లేచి కొట్టుగదిలోకి వెళ్ళాను. మెక్కాలో అంత జనంలో కూడా నాకు అంత భయం వెయ్యలేదు. ఔద్ తెచ్చి పీట మీద కూర్చుని, "నా చెయ్యి ఇలా అయింది దీని వల్ల. రౌదా నాచేత ఏ పనీ చేయించలేదు. ఉన్ని మాట అబద్ధం. ఆడింది నేను" అన్నాను. చేతులన్నీ పిండిలో ఆగిపోయాయి. దూజా పిన్ని నోరు తెరిచింది, మూసింది. ఆవిడ నోరు మాట లేకుండా మూతపడటం మొదటిసారి చూశాను.

అప్పుడు వాయించాను. నువ్వు అడిగావు కదా ఏమొచ్చిందని, ఇదిగో, ఒక పాట పల్లవి వచ్చింది. అదీ సగం. రెండుచోట్ల తప్పు తీగ మోగింది. ఒక చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. చెయ్యి మాత్రం అదమలేదక్కా, వాల్చి ఉంచాను. అది ఎంత గట్టిగా మోగుతుందో నాకే తెలీదు. డాబా మీద పక్కింటివాళ్ళు ఆరబెట్టిన దుప్పటి తప్పించి చూశారు. మోచెయ్యి కలుక్కుమనబోయే ముందే ఆపేశాను.

దూజా పిన్ని తేరుకుని "హజ్ చేసొచ్చిన చేతులు కదుటే ఇవి!" అంది. "అవే చేతులు పిన్నీ" అన్నాను. ఇంకేం అనగలను? కొందరు నవ్వారు. కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు. ఒకావిడ మాత్రం "తర్వాతదేంటి?" అంది. తర్వాతది రాదన్నాను.

సాయంత్రం ఎవరి వాటా కుస్కుస్ వాళ్ళు గుడ్డల్లో కట్టుకున్నారు. బహీజా తీసుకోలేదు. నేను మూట పట్టుకుని వీధి గుమ్మం దాకా వెంటపడ్డాను. ఆగి, అప్పుడు మాట్లాడింది. "ఇక్కడ చెప్పావు, బాగుంది వదినా. కానీ నా కూతుర్ని అన్నది ఇక్కడ కాదు. హమామ్‌లో. గురువారంనాడు. నేను అప్పట్నుంచీ ఆ గడప తొక్కలేదు" అంది. మూట నా ఎడమ చేతిలోనే ఉండిపోయింది.

నిజమే కదా. అక్కడ విన్నవాళ్ళలో సగంమంది మన ముంగిట్లో లేరు.

నాకు ఒక్కదానికీ ధైర్యం చాలట్లేదు. రా అక్కా. మొదటి అబద్ధం నాది, పంపిన మాట నీది. ఇద్దరం వెళ్దాం.

మన్నూబియా


బిజర్తా,
సెప్టెంబరు

మన్నూబీ,

క్షేమంగా చేరాను. బస్సులో వెన్ను ఆనించలేక దారి పొడుగునా నిటారుగా కూర్చున్నాను. ఎందుకో నీకు తెలుసు.

జరిగిందంతా నీ ఎదుటే జరిగింది, మళ్ళీ రాయడం దేనికి అనుకుంటావేమో. నువ్వు చూడనిది ఒకటుంది, అందుకు రాస్తున్నాను.

హమామ్‌కి నడుస్తుంటే నాకూ భయమేసిందే. నీకు ధైర్యం చెప్పడానికి వచ్చినదాన్ని, నీ కొంగు పట్టుకు నడిచాను. బహీజా మన వెనకే, పది అడుగుల దూరంలో, రౌదాతో. లోపల ఆవిరిలో ముఖాలు కనపడకపోవడం ఒకందుకు మేలైంది. "ఫలానా గురువారం ఇక్కడ బహీజా కూతురి మీద పడ్డ మాట నాది. దూజా నోటితో పలికించింది నేను. అది అబద్ధం" అని అరిచాను. దూజా పిన్ని మూలకి తిరిగి తెగ తల రుద్దుకుంటోంది, జుట్టంతా ఊడొస్తుందనుకున్నాను. తర్వాత నువ్వు. నీ గొంతు పీలగా వచ్చింది. కానీ హమామ్ గోడలు ఊరుకుంటాయా? "ఔద్" అని నువ్వు ఒక్కసారి అంటే అవి తిప్పి తిప్పి అన్నాయి. ఆ మాట ఇక ఏ కొట్టుగదిలోనూ దాగదు, ఆ ఆశ వదులుకో.

నీళ్ళ చప్పుడొక్కటే. అప్పుడు బహీజా ఒళ్ళు తోమే తొడుగు చేతికి వేసుకుని, మనల్ని పక్కపక్కన కూర్చోమని వేలు చూపించింది.

నా వీపు ముందు. అమ్మో! అంట్ల గిన్నె తోమినట్టు తోమింది. నా పెళ్ళినాటి మురికి కూడా వదిలుంటుంది. కిక్కురుమనకుండా కూర్చున్నాను. తోమించుకోవాల్సిన వీపే కదా. తర్వాత నీది. నీదీ అలాగే తోమింది. నువ్వు మోకాళ్ళలో ముఖం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నావు. సిగ్గుతో ముడుచుకుపోయి పిడికెడు మనిషివయ్యావు.

అందుకే నువ్వు చూడలేదు. నీ కుడిభుజం దగ్గరికి వచ్చేసరికి బహీజా ఆగింది. తొడుగు తీసి రౌదా చేతికిచ్చింది. గోరువెచ్చటి నీళ్ళు ముందు తన మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకుంది. తర్వాత ఉత్త అరచేత్తో, భుజం నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి మణికట్టు దాకా, మెల్లగా, చాలాసేపు రుద్దింది.

షాద్లియా